దిశునాహి

పాణిగ్రాహి బాబు తెర మీద వేలు పెట్టి
పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ
రేషను జాబితాలో పేరు వెతికినట్టు వెతికి
"దిశునాహి" అన్నాడు.
కనబడ్డం లేదట.

పర్లాకిమిడి, సహకార సంఘం ఆఫీసు. ఆషాఢం వాన.
యూరియా కోసం వచ్చినవాళ్ళు వరండాలో
గొడుగులు ముడిచి గోడకానించారు,
ఆ నీళ్ళు పాయలు కట్టి గుమ్మం దాకా వచ్చాయి.
ఖాతాలన్నీ సర్వర్లో ఉన్నాయి.
సర్వరు మాత్రం నెట్‌వర్కులో లేదు.

పాతపట్నం నుంచి నన్ను పిలిపించారు.
మనిషికి నాడి, దీనికి తీగ.
బీరువా వెనక నీలం కేబులు, బల్లి గుడ్లు రెండు,
స్విచ్చి మీద ఐదో దీపం పచ్చగా ఆడుతోంది.
చచ్చినదాని దీపం అలా ఆడదు.

నల్ల కిటికీ తెరిచి అంకెలతో పిలిచాను.
పలికింది.
నాలుగు సార్లు పిలిస్తే నాలుగు సార్లూ,
మిల్లీసెకను ఆలస్యం లేకుండా.
"ఉంది బాబూ, ఊపిరాడుతోంది."
"ఉంటే కనబడదేం?"
అదే గదా.

ఈ పెట్టెలకో అలవాటుంది.
ఏదీ కళ్ళారా చూసి లెక్కపెట్టదు.
తమలో ఒకదాన్ని ఎన్నుకుంటాయి,
అది కరణంలా చిట్టా రాస్తుంది,
మిగతావి ఆ చిట్టా చూసి
మనం ఇంతమందిమే అనుకుంటాయి.
ఇక్కడ గెలిచింది డిస్పాచ్ గదిలోని ముసలి మిషను,
ఫ్యానులో సాలెగూడు, గడియారం రెండేళ్ళు వెనక.
కొత్తవి పోటీకే రాలేదు.
దాన్ని ఆపి లేపాను. మళ్ళీ రాసింది.
మళ్ళీ పదే పేర్లు.

సర్వరు గది తాళం గంటకి దొరికింది.
పాస్‌వర్డు తవిటయ్యకే తెలుసు, ఆయన మార్చిలో రిటైరయ్యాడు.
సిబ్బంది బోర్డు మీద ఆయన పేరు గీకేసిన చోట
చెక్క పచ్చిగా ఉంది.
ఒక్క రింగుకే ఎత్తాడు.
"ఏటి బావూ, పెట్టి పలకట్లేదా?"
"పలుకుతోంది గానీ కనబడ్డం లేదు."
కాసేపు ఫోనులో కోళ్ళు.
"రాసుకో. నౌపడా బండి పాత టైము. ఆరు, చుక్క, ఇరవై."

తెరుచుకుంది.
పోయిన వారం జిల్లా నుంచి ఓ కుర్రాడొచ్చి
పది మిషన్లకీ గుంపు పేరు మార్చాడట,
పారళాఖేముండి అని, ఆర్డరు ప్రకారం.
ఈ గదికి తాళంచెవి దొరక్క వెళ్ళిపోయాడు.
ఇదొక్కటీ పర్లాకిమిడిలోనే ఉండిపోయింది.

మా అమ్మ వట్టి కిమిడి అంటుంది.
కండక్టరు ఏ పేరుకైనా ఒకే టికెట్టు చింపుతాడు,
మహేంద్రతనయ ఏ పేరుకీ ఆగదు.
పెట్టెకి మాత్రం ఒక్క అక్షరం తేడా అయితే
వేరే ఊరు.

పాత పేరు చెరిపాను. వెనక్కి కొట్టే మీట
ఒక్కో అక్షరానికీ టక్కుమంది.
కొత్తది కొట్టి, మళ్ళీ లేపి,
చిట్టాకెక్కడానికి పన్నెండు నిమిషాలు పట్టొచ్చు అంటే
పాణిగ్రాహి బాబు టీ, బరా తెప్పించాడు.
వరండాలోంచి ఓ సవర పెద్దాయన తల లోపలికి పెట్టి
తన భాషలో ఏదో అడిగాడు.
మాకిద్దరికీ అర్థం కాలేదు.
ఇద్దరం ఔనన్నాం.

రెండో బరా సగంలో ఉండగా పదకొండో పేరు వచ్చింది.
పక్కన వివరం గడిలో, ఎవరూ చదవని చోట,
ఇంగ్లీషు అక్షరాల్లో తవిటయ్య ఏనాడో కొట్టిన ముక్క:
మెల్లగా ఆపండి, ముసల్ది.
దాన్ని నేను ముట్టుకోలేదు.

"ఏం రాసుంది?" అన్నాడు పాణిగ్రాహి బాబు, కళ్ళజోడు ఎత్తి.
చెప్పాను.
ఆయన మౌసుని కాస్త నెమ్మదిగా బల్ల మీద పెట్టి
వరండా వైపు తిరిగి మొదటి పేరు పిలిచాడు.
ఆ పేరు గల మనిషి
టీ కొట్టుకి పోయాడట.