ఉప్పు తక్కువ

ఎర్రదీపం ఒక్కటే మాట పట్టుకుంది:
ఉప్పు తక్కువ, ఉప్పు తక్కువ.

దేవరకొండ రోడ్డు మీది రిసార్టు.
పెండ్లిళ్ల సీజన్ నెత్తి మీదుంది,
ఈతకొలను నీళ్లేమో పెసరపప్పు కడిగిన రంగు.
మేనేజరు విద్యాధర్ మూడ్రోజుల్ల పది బస్తాల ఉప్పు కుమ్మరించిండు.
దీపం వింటేనా!
"కొత్త బోర్డు నలభై రెండు వేలట.
నువ్వొచ్చి పాత దాని పని అయిపోయిందని చెప్పు, చాలు" అన్నడు.
నన్ను పిలిచింది వైద్యానికి కాదు,
పంచనామాకు.

కొలను ఊడ్చే సైదమ్మ
జాలికర్ర గోడకానించి
చూపుడువేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.
"మొన్న పలచటి చారంత ఉండె.
ఇయ్యాల పచ్చిపులుసంత ఉంది.
ఇంకో బస్తా ఏస్తే ఊరగాయే సారూ."
ఆమె మాట ఎవరూ లెక్కల పెట్టలె.
నేను రాసుకున్న,
మల్టీమీటరు అట్ట మీద, పెన్సిలుతోని.

మెయిన్ ఆపిన.
ఆపినంక కూడ నమ్మొద్దనేటోడు మా ఉస్తాద్ రహీముద్దీన్,
కెపాసిటర్ కడుపుల పాత కోపం ఉంటదని.
వంద వాట్ల బల్బు తగిలిస్తే
ఒక్కసారి కండ్లు తెరిచి మూసింది.
అప్పుడు చెయ్యి పెట్టిన.

ట్రాన్స్‌ఫార్మర్ ఎనక ఎండిపోయిన బల్లి.
చీమలు మోసుకొచ్చిన ఎర్రమన్ను.
ఓ మూలకు, రూపాయంత నల్లబిళ్ల
నడుమ చీలి,
దాని కింద బోర్డు మాడిన జొన్నరొట్టె లెక్క.
కరెంటొచ్చిన తొలి దూకుడుకు
ఛాతీ అడ్డం పెట్టుడు దాని పని.
ఎండకాలం దినానికి ఎన్నిసార్లు పోతది మా కరెంటు?
వచ్చినప్పుడల్ల అదే దెబ్బ, అదే ఛాతీ.

పూర్తిగ తెగితే పీడ పోవు,
సగమే తెగింది, అందుకే దీపం వెలుగుతుంది,
రేకులకు మాత్రం బలం అందట్లేదు.
నీళ్లల్ల పారే కరెంటును కొలిచి
దానికే ఉప్పని పేరు పెట్టుకుంటదీ మిషను.
తగ్గింది తన చేతి సత్తువని తెల్వదు,
నీళ్లదే తప్పనుకుంటది.
అట్లాంటోణ్ణి ఒకణ్ణి
రోజూ గడ్డం గీసుకునేటప్పుడు చూస్త.

మిర్యాలగూడ రైసుమిల్లుల సచ్చిన వెల్డింగ్ మిషనుది
అదే నంబరు బిళ్ల నా డబ్బాల ఉండె.
కాలిన చోట గీకి, రాగి మెరిసేదాక తోమి,
పక్కన పగిలిన అతుకులు కూడ కరిగించి పోసిన.
రోజనం పొగ ముక్కుల దూరింది.

ఇగ రేకులు: తెల్లగ, సున్నం పట్టి, పొయ్యి మీది బోగాని లెక్క.
నీళ్లల్ల యాసిడ్ పొయ్యాలె, యాసిడ్ల నీళ్లు కాదు.
బుస్సుమని నురగ లేస్తుంటే
సైదమ్మ కొంగు ముక్కుకడ్డం పెట్టుకొని చూసింది.
ఈ జిల్లా నీళ్లే గదా,
నా పండ్ల మీద గోధుమచారలు గీసినయి.
వాటికి ఏ యాసిడూ లేదు.

సాయంత్రం ఐదుంబావు.
స్విచ్చి ఏసిన. లోపల రిలే
టిక్కుమని నాలుక కొట్టింది.
రేకుల నడుమ పాలపొంగు లెక్క సన్నబుడగలు.
విద్యాధర్ చప్పట్లు కొట్టబోయిండు.

ఎర్రదీపం మల్ల వెలిగింది.

ఒంగి చదివిన:
ఉప్పు ఎక్కువ.

ఎవరూ మాట్లాడలె.
సైదమ్మ మాత్రం జాలికర్ర అందుకుంటూ
"గిప్పుడు దానికి నోరు బాగైంది" అంది.

మూడోవంతు నీళ్లు తోడాలె, ట్యాంకర్లు తేవాలె.
విద్యాధర్ ఫోన్ల బేరమాడుతుండు.
నేను బండి సీటు మీద బిల్లు రాస్తున్న:
బిళ్ల, అరవై. సీసం, ఇరవై. యాసిడ్, నలభై.
నా కూలి, తొమ్మిది వందలు.
ఆ కింద, ఏదో గుర్తొచ్చి, నాలుక అని రాసి
అంకె ఎంతెయ్యాల్నో తోచక
ఖాళీగ ఇడిసిన.