ఏడో గడి

కిసుములో, సరస్సు వైపు కిటికీ ఉన్న గదిలో
పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నాను.
పట్టా పుచ్చుకుని వచ్చినవాళ్ళకి ఫారం ఇవ్వడం నా పని.
పేరు, పుట్టిన తేదీ, చదివింది, మార్కులు...
ఆరు గడులూ గబగబా నింపేస్తారు.
ఏడో దాని దగ్గర కలం ఆగుతుంది:
మీకు వచ్చిన పనులు.

ఒగుతు కూడా అక్కడే ఆగాడు.
చేపల శాస్త్రం, మంచి మార్కులే.
గడిలో ఒక చుక్క పెట్టి
దాన్నే చూస్తూ కూర్చున్నాడు,
గుడ్డు పగిలి పిల్ల బయటికొస్తుందేమో అన్నట్టు.

ఏమీ రాదా? అన్నాను.
ఏమీ రాదు మేడమ్. డిగ్రీ ఒక్కటే వచ్చింది.

మరి నాలుగేళ్ళ ఫీజు ఎవరు కట్టారు?
నేనే. సెలవుల్లో మటాటు మీద కండక్టర్ని.
తలుపు పట్టుకు వేలాడుతూ
పద్నాలుగు మంది చిల్లర నోటిలెక్కన తేల్చేవాణ్ణి.
ఎవరెక్కడ దిగుతారో మొహం చూసి చెప్పేవాణ్ణి.
లువోలో తిట్టినవాడికి స్వాహిలిలో నవ్వి,
స్వాహిలిలో గొణిగినవాడికి ఇంగ్లీషులో సారీ చెప్పి...
అది పని కాదు కదా మేడమ్, పొట్టకూడు.

రాయి, అన్నాను.

ఇంకేం లేదు.
పోయినేడు గుర్రపుడెక్క సరస్సంతా కమ్మేసి
పడవలు కదల్లేదు. నా ప్రాజెక్టుకి నమూనాల్లేవు.
దుంగా ఒడ్డున చేపలు కోసే ఆడవాళ్ళ పక్కన కూర్చుని
వాళ్ళు పారేసే పేగులు అడుక్కున్నాను.
మొదట నవ్వారు.
తర్వాత ఏ చేప ఏ నెలలో ఏం తిని వస్తుందో
వాళ్ళే చెప్పారు.
నా పుస్తకంలో అది లేదు.
మా సారు పుస్తకంలోనూ లేదు.

రాయి.

ఏమని మేడమ్? అడుక్కున్నాననా?

దానికి నా దగ్గర మాటలున్నాయి.
రాజధాని నుంచి ఏటా వచ్చే గట్టి అట్ట పుస్తకంలో
చొరవ, ఓర్పు, సర్దుకుపోయే గుణం.
తొమ్మిదో పేజీలో సూటు వేసుకున్న కుర్రాడు
ఎవరికో చెయ్యి అందిస్తుంటాడు.
ఆ చేతి మీద ఏ ఏడూ ఒక్క పొలుసు లేదు.
చొరవ అని రాయించాను.
ఒగుతు ఆ మాటని
అరువు చొక్కా తొడుక్కుని అద్దం చూసుకున్నట్టు చూశాడు.

చెప్పకపోతే అబద్ధమాడినట్టు:
ఏడు గడులూ నింపి కూడా
పని దొరకనివాళ్ళ ఫారాలు నా బీరువాలో రెండు అరలు.
ఓర్పు లేక కాదు. ఉద్యోగాల్లేక.
అట్ట పుస్తకంలో ఆ ముక్క ఎక్కడా రాయరు.

మొన్న శుక్రవారం నాకూ ఉత్తరం వచ్చింది.
వచ్చే నెల నుంచి ఫారాలు ఫోన్లోనే నింపుకుంటారట.
ఈ గది పరీక్షల విభాగానికట.
మీ సేవలకు కృతజ్ఞతలు,
కింద రబ్బరు సంతకం.

కట్టలోంచి ఒక ఫారం తీశాను.
అచోలా. యాభై ఒకటి.
గబగబా ఆరు గడులు.
ఏడో దాంట్లో
నా కలమూ చుక్క పెట్టి ఊరుకుంది.

అప్పుడే వచ్చాడు ఒగుతు, మర్చిపోయిన గొడుగు కోసం.
ఉద్యోగం ఇంకా రాలేదు.
ఐసు పెట్టెల లారీ మీద రోజుకూలి.
ఉప్పు ఎంత వేస్తే పెట్టె ఎంత చల్లబడుతుందో
అడక్కుండానే చెప్పుకొచ్చి,
ఫారం చూసి ఆగిపోయాడు.
కుర్చీ లాక్కున్నాడు,
నా వైపూ కాదు, వాళ్ళు కూర్చునే వైపూ కాదు,
బల్ల పక్కకి.

ఏమీ రాదా మేడమ్?
ఏమీ రాదు.
కలం ఇటివ్వండి. పని కాదనుకున్న దానితో మొదలెట్టండి.

చాలాసేపటికి అన్నాను:
ఒకసారి ఒక పిల్ల ఈ గదిలో గంట ఏడ్చింది.
నేనేమీ అనలేదు.
మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.
తలుపు మాత్రం దగ్గరగా వేసి, అలా కూర్చున్నాను.

రాస్తున్నాడు.