పదును

ప్రమోషన్ ఫారం పదిహేడు పేజీలు.
మొదటి గడిలో పేరు: బోయ సుంకమ్మ.
రెండో గడిలో హోదా.
మూడో గడి దగ్గర పెన్ను ఆగింది:
గత ఆరేళ్ల ప్రచురణలు, ఐఎస్ఎస్ఎన్ నంబరుతో సహా.

సెక్షన్ సూపరింటెండెంటు హుసేనప్ప మంచోడు.
కళ్లద్దాలు నుదుటికెక్కించి మెల్లగా చెప్పినాడు:
"కవితకు పాయింట్లు లేవు మేడమ్.
కవిత మీద వ్యాసానికి ఉండాయి."
నిజమే. నా కవిత మీద రాసి
పక్క గది శేషశయనం గారు
పది పాయింట్లు ఎత్తుకున్నారు.
"కవయిత్రి జీవించి ఉన్న కాలంలో" అని మొదలుపెట్టి.

మొదటి పుస్తకం టవర్ క్లాక్ వెనక సందులో అచ్చయింది,
గంటకు నూటయాభై ఇచ్చే పార్ట్ టైం రోజుల్లో.
ఐదు వందల కాపీలు.
అరవై అమ్మినా, నూటముప్పై పంచినా,
కొన్ని తూకానికి పోయినాయి,
తక్కినవి మంచం కింద చెదలు చదివినాయి
విమర్శకుల కంటే శ్రద్ధగా, అంచుల నుంచి లోపలికి.
ఒకనాడు పాతూరు బండి కాడ
ఉగ్గాని బజ్జీ కట్టించుకుంటే
నా నలభై మూడో పేజీ వచ్చింది.
నూనె తాగి కాగితం అద్దమైంది.
నలభై నాలుగో పేజీ వెనకనుంచి తేలి
రెండు కవితలూ ఒకదాని మీద ఒకటి పడి
నేను రాయలేని మూడోదొకటి కనపడింది.
చేతులు తుడుచుకోకుండా చదివినాను.
దానికీ నంబరు లేదు.

బుధవారం, శుక్రవారం, పగలు రెండింటికి
కవితా రచన. ఐచ్ఛికం. రెండు క్రెడిట్లు.
ఫ్యాను తిరగని పదకొండో గది.
తొమ్మిది మంది పిల్లలు, అందులో నలుగురు
వేరే సబ్జెక్టులో సీటు దొరక్క వచ్చినోళ్లు.
మొదటి వారం అందరూ చందమామనే తెస్తారు.
కణేకల్లు మద్దిలేటి
చందమామతో పాటు కత్తినీ తెచ్చినాడు:
"నా కలానికి పదును పెడతా" అని.

మీ నాయన పదును అనేది దేన్ని, అని అడిగినా.
కాసేపు తల గోక్కున్నాడు.
"వాన పడినంక మేడమ్,
పిడికిట్లో మన్ను పట్టి ఒత్తితే ఉండ కట్టల్ల,
వదిలితే విడిపోవల్ల.
అదీ పదును. అప్పుడే ఇత్తనం."
బోర్డు మీద నేనేమీ రాయలేదు.
ఇరవై రెండేళ్ల నా పాఠం
వాడి పిడికిట్లో ఉండ కట్టి, విడిపోయింది.

మరుసటి వారం శెనక్కాయల మండీ రాసుకొచ్చినాడు.
సంచికి రెండు కేజీల తరుగు తీసే సేటు,
కాటా ముల్లునే చూస్తా నిలబడిన నాయన,
చివర్లో ఎనిమిది లైన్ల కన్నీళ్లు.
ఆ ఎనిమిదీ కొట్టేసినా.
"మీరూ తరుగు తీస్తిరే మేడమ్" అన్నాడు.
నవ్వినాడో లేదో తెలియలేదు.
ఆ రాత్రి కొట్టేసిన లైన్లను మళ్లీ తూచినా.
అందులో ఒకటి మంచిదే.
వాడికి ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు వాడు పెనుకొండ కార్ల ఫ్యాక్టరీలో.
నిన్న రాత్రి ఒంటిగంటకు ఫోన్‌కు వచ్చింది:
"లైట్లు బిగించని కార్లు వరసగా వస్తాండాయి
కండ్లు లేకనే నన్ను చూస్తాండాయి మేడమ్."
బాగుంది, చివర మేడమ్ తీసెయ్, అని పంపినా.
తెర మీద మూడు చుక్కలు చాలాసేపు ఎగిరినాయి.
"అది మిమ్మల్ని పిలిచింది కాదు, కవితలోదే.
ఎవరికో ఒకరికి చెప్పకుంటే
ఈడ చూసేది యంత్రాలే కదా.
ఆ మాట ఉండల్ల."

మూడో గడి ఖాళీగానే ఫారం ఇచ్చినా.
హుసేనప్ప అటూ ఇటూ తిప్పి
"ఏదన్నా ఒకటి రాయండి,
ఖాళీగా ఉంటే వెనక్కి పంపుతారు" అన్నాడు.
ఒక్క క్షణమాగి, "మేడమ్" అన్నాడు.
ఆ లైన్లో కూడా
ఆ మాట తీయలేకపోయినాను.