జొన్నిగాని తారీఖు

చీటీ రాసిచ్చి నాలుగు నెలలాయె.
క్యాలెండర్ మేకుకు గుచ్చిన చీటీ
ఫ్యాను గాలికి టపటప కొట్టుకుంటాంది.
మా ఆయన అటు చూడకుండ అన్నం తింటడు.

మొదటిసారి పోయినప్పుడు వానికి ఆరు నెలలు.
హన్మకొండ పశువుల దవాఖానల డాక్టరమ్మ
పండ్లు చూసింది, తొడ ఎముక పట్టి చూసింది.
"పెద్దగ పెరిగే కుక్క. ఏడాది దాటనియ్యుండ్రి, ఎముక ముదరాలె.
గట్లని మరీ జాగు చెయ్యకుండ్రి, అలవాటు ముదురుతది."
ఎముక ముదరాలె, అలవాటు ముదరొద్దు.
ఆ రెండిటి నడుమ సందుల
తారీఖు ఏడున్నదో దేవులాడుకుంట ఉన్నం.

ఏడాది నిండకముందే కార్తీకమొచ్చింది.
గోడ దునికిండు.
మూడొద్దులకు చెవి చినిగి, మూతికి మోరి బురదతోటి వచ్చి
ఏమెరుగనట్టు గిన్నె ముందు కూసున్నడు.
పుష్యమాసంల మిల్లు గోడ పక్కన నల్లకుక్క ఐదింటిని కన్నది,
అండ్ల రెండు జొన్నరంగు.
చలికి మూడు పోయినయ్. ఒకటి లారీ కింద.
మిగిలినదాన్ని ఎవరో సంచిల ఏస్కపోయిండ్రట.
జొన్నరంగుదాన్ని మగ్గం పీలికల చుట్టి
నేనే పాతిపెట్టొచ్చిన, ఇంట్ల చెప్పలే.

"ఎండలకు కుట్లు మానయ్" అన్నడు మా ఆయన.
తర్వాత, "వానలకు చీము పడ్తది."
బోనాలు కానియ్యన్నడు. ఇప్పుడు బతుకమ్మ కానియ్యంటడు.
హోటల్ కాడ రాజలింగు చెప్పిండట,
"బోదెక్కుతది, ఇగ కాపలకేం పనికొస్తది?" అని.
"మగపుటుక పుట్టినోడు, పాపం" అని ఈయన
రెండు కాళ్లు దగ్గరికి తీసుకొని కూసున్నడు.
కొత్తవాడల ముప్పై ఏండ్లు జంపఖానాలు నేసిన మనిషి,
పడుగు మీద కత్తెర పెట్టంగ
ఒక్కనాడు చెయ్యి వణకలే.

నా తారీఖు నాకెవ్వలు చెప్పలే.
చిన్నది పుట్టి నెల నిండలే, నాకు ఇరవై రెండేండ్లు.
"రేపు పొద్దుగాల క్యాంపుకు పోవాలె, ఏం తినకు" అన్నది అత్తమ్మ.
నలభై మందిమి నేల మీద వరుసగ.
సిస్టరమ్మ కాయితం పెట్టింది,
ఈయన ఆమె పెన్నే అడుక్కొని సంతకం చేసిండు.
చేతుల చాయ ఇంకా పొగలు కక్కుతాంది.
"మొగోళ్లదైతే సూదిపోటంత కోత, గంటల నడిచి ఇంటికి పోతరు"
అన్నదామె, ఊరికె అన్నట్టు.
అందరు నవ్విండ్రు.
నేను గూడ నవ్విన.

కోపమని కాదు.
చలికాలం కుట్టుకాడ గుంజుతది, గంతే.

మొన్న రాత్రి అడిగిన:
"నాకు అడ్డం రాని ఎండలు, వానలు, బోనాలు
కుక్కకెందుకొచ్చినయ్?"
ముద్ద నోటిదాక పోయి ఆగింది.
శానసేపు పల్లెం దిక్కే చూసి
"గప్పుడు తెల్వదు" అన్నడు.
లేసి, చెయ్యి కడుక్కొని, చీటీ తీసిండు.
దస్తితోటి దుమ్ము తుడిచి, మడత పెట్టి, మడత ఇప్పి,
మళ్ల అదే మేకుకు గుచ్చిండు.
"సోమవారం పోదాం."
ఏ సోమవారమో నేనడుగలే.
కార్తీకానికి ఇంక ఆరు సోమవారాలున్నయ్.

జొన్నిగాడు నేత తప్పిన జంపఖానా మీద
ఎల్లెలకల పండి నిద్రపోతాండు.
పక్కన కూసోని వాని పొట్ట మీద చెయ్యేసిన.
"నువ్వన్న చెప్పు బిడ్డ, అడుగుతున్న గదా" అన్న.
వాని వెనక కాళ్లు గాలిల ఆడుతున్నయ్,
కలల
ఎవ్వలెంబడి ఉరుకుతుండో.