రెండో బ్రేకు

మర్రిపాలెంలో మా డ్రైవింగ్ స్కూలు.
పాత మారుతి, ముందు నిమ్మకాయ, వెనక ఎర్రటి ఎల్ అక్షరం.
నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది.
నేర్చుకునేవాళ్ళకి దాని సంగతి తెలుసు,
తెలిసీ మరిచిపోతారు.
ఎన్ఏడీ దగ్గర లారీకి జానెడు దూరంలో కారు ఆగితే
"నేనే ఆపాను కదా మాస్టారూ" అంటారు.
అవునమ్మా, నువ్వే, అంటాను.
ఇరవై రెండేళ్ళుగా ఈ అబద్ధమే నాకు అన్నం పెడుతోంది.

లైసెన్సు వచ్చిన రోజు స్వీటు బాక్సు తెస్తారు.
ఆ మర్నాటి నుంచి వాళ్ళ సొంత కారులో
నేను కూర్చునే వైపు
ఎవడో స్నేహితుడు కూర్చుంటాడు,
డాష్‌బోర్డు మీద కాళ్ళు బారజాపుకుని.

తన్మయ్‌ది లాసన్స్‌ బే కాలనీ.
పార్కింగు ఒక్కసారికే వచ్చేసింది, నిజం చెప్పాలి.
లైసెన్సు చేతికొచ్చిన పంతొమ్మిదో రోజు
రాత్రి ఒంటిగంటకి
రుషికొండ నుంచి బీచి రోడ్డు మీద వస్తున్నాడు.
కారులో ఇంకో ముగ్గురు.
ముగ్గురి బరువు కారు మోస్తుంది.
ముగ్గురి కేకల బరువు మోయాల్సింది పంతొమ్మిదేళ్ళ కుడికాలు.
అందరూ బతికారు.
ఒకడికి కాలు దక్కలేదు.
నా వైపు సీటులో కూర్చున్నవాడికి.

అందుకే టీ బడ్డీ దగ్గర ఎవరో
"మొదటి ఏడాది కుర్రాళ్ళకి రాత్రిపూట బండి ఇవ్వకూడదు,
పక్కన ఈడువాళ్ళని ఎక్కించకూడదు,
అలాంటి రూలొకటి రావాలి" అంటే
గ్లాసు కింద పెట్టి మరీ అన్నాను,
రావాలి, రేపే రావాలి అని.

బల్ల చివర బన్ను తింటున్న గరికిన నూకరాజు తలెత్తాడు.
వాడూ నా దగ్గరే నేర్చుకున్నాడు,
ఫీజు మూడు విడతలుగా కట్టి.
"ఏటి మాస్టారూ,
సేపలు పొద్దెక్కినాక ఒడ్డుకొస్తాయేటి?
మా అయ్యకి మోకాలు పోనాది.
మూడు గంటలకి హార్బర్‌కాడ ట్రాలీ నేనెత్తకపోతే
నువ్వొచ్చి తోల్తావా?"

బడ్డీలో స్టవ్వు చప్పుడు ఒక్కటే మిగిలింది.

వాడి బండి వెనక నేనోసారి వెళ్ళాను, చీకటుండగా.
పాత పోస్టాఫీసు మలుపులో
నడిచే మనిషి కంటే కొంచెం జోరు, అంతే.
అడిగితే, "ఐసు కదిల్తే సరుకు పోద్ది కదా" అన్నాడు.
తన్మయ్ వెనక సీటులో ఐసు లేదు.
ఈ తేడాని ఏ కాగితం మీద రాయాలో నాకు తెలీదు.

నా సంగతీ చెప్పాలిగా.
నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు
మా మావయ్య వ్యాను తీసుకుని
సింహాచలం ఘాటు దిగాను,
వెన్నెల ఉంది కదా అని లైట్లు ఆపేసి.
వెనక నలుగురు ఈలలు వేశారు.
ఏమీ కాలేదు.
ఆ ఏమీ కాకపోవడాన్ని
చాలా ఏళ్ళు నా పనితనం అనుకున్నాను.

రూలు రావాలనే అంటాను ఇప్పటికీ.
కాకపోతే ఇదివరకులా గ్లాసు కింద పెట్టి కాదు.
రాసేవాడెవడో
ముందు ఒక తెల్లారగట్ల
హార్బర్ గేటు దగ్గర నిలబడితే బాగుణ్ణు.
ఒక అర్ధరాత్రి కేజీహెచ్ మెట్ల మీద కూడా.

రాత్రుళ్ళు హైవే మీద
ఏదో బండి గేరు మార్చిన చప్పుడు వినిపిస్తుంది.
నూకరాజుదో, ఇంకో తన్మయ్‌దో,
ఇంత దూరం నుంచి అన్నీ ఒకలాగే ఉంటాయి.
నా కాలు మంచం పట్టెని గట్టిగా తొక్కుతుంది.
"ఏటయ్యా అది" అంటుంది మా వరహాలు నిద్రలోనే.
ఏం లేదు, పడుకో, అంటాను.
చప్పుడు మలుపు తిరిగి
పూర్తిగా దూరమయ్యేదాకా
కాలు తియ్యను.