రెండు గుక్కలు

కనిగిరి దాటేసరికి రాత్రి ఒంటిగంట.
దస్తగిరమ్మ నీళ్ళడిగింది.

ఇవ్వకూడదు.
ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాను,
కాళ్ళ కింద దుప్పటి మడిచి పెట్టాను.
లావుపాటి సూదులు రెండూ దిగాయి గానీ
ఆ చెయ్యి చాపడానికే పట్టింది నాలుగు నిమిషాలు.
పదేళ్ళుగా మడతపడ్డ మోచెయ్యి
నా తొందరకి ఎందుకు లొంగుతుంది?

"ఎప్పట్నుంచి నల్లగా పోతోంది?"
మొగుడు కాసింసాహెబు అద్దంలోంచి చీకట్లోకి చూశాడు.
ఆడమనిషి దొడ్డికెళ్ళిన రంగు
పరాయి మగాడికి ఎట్టా చెప్పేది.
ఆమే చెప్పింది, కళ్ళు మూసుకునే:
"మూడ్రోజులబట్టి, నాయనా. తారు మాదిరి.
రాగిసంకటి తిన్నా గదా, అందుకేమో అనుకున్నా."

నాడి నూటముప్ఫై. బీపీ పైన ఎనభై.
సెలైన్ సంచీని పిడికిట్లో పిండుతూ అడిగాను:
బిళ్ళలేమన్నా వాడతావా?

కొంగుముడి విప్పింది.
ఎర్రవి ఆరు, రేకు చిరిగినవి రెండు.
పొద్దున ఒకటి, మాపు ఒకటి,
కందిచేలో వంగాల్సిన రోజు ఇంకోటి,
పరగడుపునే.

మా ఊళ్ళ బోరునీళ్ళు
ఎముకల్లోకి దిగి ముడులు వేశాయి.
ముడులకు నొప్పి, నొప్పికి బిళ్ళ.
బిళ్ళ కడుపులో గుంట తవ్వింది.
చేలో నాలుగొందల అడుగులు దించినా పడని జల
ఇక్కడ, ఇంత లోతులోనే పడింది,
ఎర్రగా.

ఆ నీళ్ళే రెండు గుక్కలు పొయ్యమంటోంది.

దూది తడిపి పెదాలకు అద్దాను.

పొదిలి దగ్గర మళ్ళీ కక్కింది.
బెల్లంపాకం రంగు గడ్డలు, వెనకే పచ్చినెత్తురు.
గొంతుకి అడ్డం పడకుండా తల వంచి పట్టుకుని
ఒంగోలుకి ఫోన్ చేశాను.
గ్రూపు తెలీదు, నాలుగు సంచులు చూడండి,
గొట్టమేసే డాక్టరమ్మని లేపండి.

చీమకుర్తిలో రాతిలారీలు.
ఒక్కోదాని మీద ఇల్లంత బండ.
సైరన్‌కి బండ కదలదు గదా.
మాల్యాద్రి స్టీరింగ్ వదిలి దిగి
తిట్టి, దణ్ణం పెట్టి, మళ్ళీ తిట్టి
దారి చేశాడు. పదకొండు నిమిషాలు.
ఆ పదకొండూ ఆమె చెయ్యి నేను పట్టుకున్నానో
నా చెయ్యే ఆమె పట్టుకుందో.

తెల్లారుజామున
చిమ్మే చోట క్లిప్పు వేశారంట.
మూడో సంచి ఎక్కుతోందంట.
కాసింసాహెబు గోడకానుకుని నిద్రపోయాడు,
చేతిలో ఆమె చెప్పులు.

ఆసుపత్రి కుళాయి కింద బండి కడుగుతున్నాను.
వంగితే జేబులో రేకు గుచ్చుకుంది.
స్ట్రెచర్లు మోసి మోసి నడుం పట్టినప్పుడు
నేనూ వేసుకుంటాను,
ఆ ఎర్రదే.

పారేశానని రాయొచ్చు.
ఇంకా జేబులోనే ఉంది.