దారిమార్పు

పగలు మీసేవ కిటికీ దగ్గర జనం వేళ్ళు చూస్తాను.
రాత్రి, కాశీబుగ్గలో కరెంటు నిలకడగా ఉంటే,
విజ్ఞాన సర్వస్వంలో పేజీలు దిద్దుతాను.
మొదటిదానికి జీతం ఇస్తారు.
రెండోదానికి నా నిద్ర నేనే కడతాను.

ఆ వ్యాసం మొదలెట్టింది నేనే.
శీర్షిక: జీడిపిక్క.
నాలుగు వాక్యాలు, ఒక ఫోటో.
మా మేడ మీద ఆరబోసిన పిక్కలు,
మూలన నా చెప్పొకటి పడింది, తీయలేదు.

మూడోనాటికి ఎవరో దాన్ని గింజ చేశారు.
పిక్క మాండలికమట, గింజ ప్రామాణికమట.
నేను పిక్క చేశాను. ఆయన గింజ చేశాడు.
(ఆయన అసలు పేరు తెలీదు. వాడుకరి పేరు పదనిధి.
మర్యాదస్తుడు. కొట్టేసే ముందు కూడా నమస్కారం పెడతాడు.)
ఇంకెవరో కాజు అన్నారు,
బిర్యానీలో ఎవరూ పిక్క వెతుక్కోరన్నారు.
ఎగుమతి వ్యాపారి ఒకాయన
డబ్ల్యూ 320 అంటేనే లోకానికి తెలుసని చెప్పి
పనిలో పనిగా తన పాకెట్టు మీది పేరు
శీర్షికలో దూర్చి పోయాడు.
దాన్ని మాత్రం నేనూ పదనిధీ కలిసి పీకేశాం.
ఆ ఒక్క రాత్రీ ఇద్దరం ఒక ఊరివాళ్ళం.

తర్వాత మళ్ళీ జీడిపాకం.
పేరు పెట్టడానికి కూచున్నవాళ్ళం
ఒకరికొకరం పేర్లు పెట్టుకుంటూ
పదకొండు వారాలు.

మూలం చూపండి, అన్నాడు.
బజార్లో రేటు బోర్డు చూపించాను:
పిక్క, ఎనభై కేజీల బస్తా, ఇంత.
సుద్దముక్క రాత మూలం కాదట.
గిట్టుబాటు ధర కావాలని గోడమీద ఎర్రగా రాసి
వానకి సగం కారిపోయిన పిక్క చూపించాను.
గోడ మూలం కాదట.
మా అమ్మమ్మ నోరు ఎలాగూ కాదు.

మర్నాడు పింఛను పనిమీద మడ్డు దాలమ్మ వచ్చింది.
ఇరవై ఆరేళ్ళుగా పిక్క కొడుతోంది.
బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు.
కొంగుతో తుడిచి పెట్టింది. ఎర్రలైటు.
చూపుడువేలు, ఉంగరం వేలు, ఎడంచెయ్యి.
జీడిరసం నాకేసిన వేళ్ళు.
గీత లేదు, సుడి లేదు,
బోర్మాలో మాడిన తొక్కల్లా నల్లగా నున్నగా.
"ఏటమ్మా, నాను దాలమ్మని కాదంతాదేటి ఇది?"
"మూలం చూపమంటోంది" అన్నాను.
నవ్వుదామనే అన్నాను.

ఊరికే అడిగాను, నువ్వు కొట్టేదాన్ని ఏమంటావని.
నా మొహంలోకి చూసింది, పిచ్చిదాన్ని చూసినట్టు.
"తొక్కుంటే పిక్క. తొక్కూడితే పప్పు.
పప్పయితే సావుకారిది.
నాకు మిగిలీది పొక్కు."

రాత్రి అది చర్చలో పెట్టాను, ఒక్క అక్షరం మార్చకుండా.
పదనిధి నమస్కారం పెట్టాడు.
చాలా బాగుంది, కానీ ఇది మీ సొంత పరిశోధన అవుతుంది, అన్నాడు.
ఆయన మాటలో తప్పేం లేదు.
అనంతపురంలో పిల్లాడెవడో గింజ అని వెతికితే
వాడికీ దొరకాలి కదా.
ఒప్పుకున్నాను.
శీర్షిక గింజ. పిక్క దారిమార్పు.
పిక్క అని కొట్టినవాణ్ణి
రెప్పపాటులో గింజ దగ్గర దింపుతుంది,
పలాసకి టికెట్టు కొన్నవాణ్ణి
ఆపకుండా ఇచ్ఛాపురం తీసుకుపోయినట్టు.
పైన చిన్నక్షరాల్లో మాత్రం పిక్క ఉంటుంది,
చూసేవాడుంటే.

సోమవారం దాలమ్మ మళ్ళీ వచ్చింది.
వేలు వదిలెయ్, కన్ను పెట్టు, అన్నాను.
రెప్ప వెయ్యకుండా ఆ గాజులోకి చూసింది,
బావిలో పడిన బిందెని చూస్తున్నట్టు.
పచ్చలైటు.
రసీదు గరగరమంటూ బయటికొచ్చింది.
మడ్డు డాలమ్మ.

దిద్దడానికి వేరే ఫారం ఉంది.
దానికి రెండు మూలాలు జతచెయ్యాలి.
ఆవిడకి చదువు రాదు.
కాగితం నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుని
"మా తల్లే, నా పేరు దొరికినాది" అంటూ
ఎండలోకి దిగిపోయింది.